ముందు నువ్వు తాగు

మా అత్త నన్ను కాలుగాలిన పిల్లి అంటుంది. పెళ్ళై వచ్చిన కొత్తలో చాటుగా అనేది, ఇప్పుడు మొహం మీదే అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. నేను కుదురుగా కూర్చోలేను. తిరువళ్ళూరు ఆఫీసులో కుర్చీ ఇచ్చారు కాబట్టి కూర్చుంటాను, అక్కడా బల్ల కింద కాళ్ళు ఆడుతూనే ఉంటాయి. ఇంట్లో అన్నం వేళ మరీ కష్టం. మా ఇంట్లో మా ఆయన తిన్నాక అత్త తింటుంది, అత్త తిన్నాక నేను. ఎవరో పిలిచి చెప్పిన నియమం కాదు. తమిళ సీమలోని ఈ పొదటూరుపేట చుట్టుపక్కల మా తెలుగు ఇళ్ళలో ఏనాటినుంచో అలా నడిచిపోతోంది. ఆకలేస్తుంటే ఒకచోట నిలబడలేక నేను పెరట్లోకి పోయి కొట్టం ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగేదాన్ని. మొండిగోడ మీంచి తల చాపి గుర్రం నన్నే చూస్తూ ఉండేది.

గుర్రాన్ని తెచ్చింది మా ఆయన. తిరుత్తణిలో పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఒకాయన ఆ పని మానుకుని ఉన్నవన్నీ అమ్మేస్తుంటే, తల్లి పక్కన నిలబడ్డ ఈ ఆడ గుర్రప్పిల్లను చూసి మనసు పారేసుకుని, మినీ లారీలో ఎక్కించుకుని వచ్చేశాడు. అప్పటికి అది పాలు మరిచి ఎన్నాళ్ళో కాలేదు.

"దున్నతాదా, పాలిస్తాదా? దీన్నేమి చేసుకుంటావురా?" అని అత్త ఇల్లంతా ఎగిరింది. పొద్దున్నే లేచి చూస్తే ఆ అత్తే దానికి అమ్మణ్ణి అని పేరు పెట్టి, ఆవుకూ పాలిచ్చే ఎనుముకూ మధ్య గుంజకు కట్టేసింది.

అలా మా అమ్మణ్ణి కొట్టంలో, గొడ్ల మధ్య పెరిగింది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, తవుడు కలిపి అత్త సాయంత్రం కుడితి తొట్టి నింపేది. ముందు ఆవును వదిలేది. గోమాత తాగకుండా ఇంకో మూతి తొట్టిలో పడటానికి వీల్లేదు. తరువాత ఎనుము. ఆఖరున అమ్మణ్ణి. పిల్లగా ఉన్నప్పుడు అది ఆగలేక తల దూర్చబోతే, అత్త చేతిలోని చెంబుతో ముక్కు మీద చిన్నగా తట్టి "ఆగు" అనేది. కొన్నాళ్ళకు తట్టాల్సిన అవసరమే లేకపోయింది. మేమంతా దాని తెలివికి మురిసిపోయాం.

పెరిగాక మొదట మా ఆయన ఎక్కాడు. అది దించేసింది. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ దించేసింది. మూడోసారి ఆయన నడుము పట్టుకుని అరుగు మీద కూర్చుంటే, నేను చీర మార్చుకుని చుడిదారులో వచ్చి ఎక్కాను. నన్నెందుకు భరించిందో తెలియదు. నాలాగే దానికీ నిలబడితే కాళ్ళు దురద. పొద్దున ఆఫీసు బస్సుకు ముందు పొలాల గట్ల మీద ఒక చుట్టు చుట్టి వచ్చేవాళ్ళం. ఊళ్ళో నేతవాళ్ళ మగ్గాల చప్పుడు మధ్య నుంచి పోయినా బెదిరేది కాదు. దాని వీపు మీద ఉన్నంత సేపూ నా మనసు ఊరుకునేది. దిగగానే మళ్ళీ మామూలే.

గుర్రాలున్నవాళ్ళు కొందరు చేరి అప్పుడప్పుడు తిరువళ్ళూరు దగ్గర్నుంచి తిరుత్తణి వరకు పల్లెదారుల్లో దూరపు సవారీ పెడతారు. పందెమనేది పేరుకే, ముందు చేరినవాళ్ళ కంటే గుర్రాన్ని క్షేమంగా చేర్చినవాళ్ళకే మర్యాద ఎక్కువ. దారిలో రెండు చోట్ల ఆపుతారు. పశువుల డాక్టరమ్మ ఉంటుంది. చిగుళ్ళు నొక్కి, మెడ మీద తోలు గిల్లి, కడుపుకు స్టెతస్కోపు పెట్టి చూస్తుంది. బాగుంటే పంపిస్తుంది, లేకపోతే బండెక్కించమంటుంది.

మొదటిసారి పోయినప్పుడు అమ్మణ్ణి గాలిలా పరిగెత్తింది. ఒక్క గుక్క నీళ్ళు మాత్రం తాగలేదు. తొట్టి దాకా ఉత్సాహంగా పోయేది. మూతి దించబోయి ఆగేది. పెదవులు చప్పరించేది, చెవులు అటూ ఇటూ తిప్పేది, నా వైపు చూసేది. నాకు ఒళ్ళు మండేది. తాగేది లేనప్పుడు ఈ నిలబడటం ఎందుకు? వెనక మిగతావాళ్ళు దాటిపోతున్నారు. పగ్గం లాగి తీసుకుపోయాను. చలి రోజులు కావడంతో డాక్టరమ్మ కూడా పోనిచ్చింది.

ఇంటికి చేరిన సాయంత్రం అది పడుకుంది. లేచింది, మళ్ళీ పడుకుంది. కాలితో పొట్ట తన్నుకుంది. చెమటతో ఒళ్ళంతా నల్లబడింది. డాక్టరమ్మ వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి లోపలికి నీళ్ళు పంపింది. మేము ముగ్గురం వంతులేసుకుని దాన్ని పెరట్లో నడిపిస్తూ ఉన్నాం. దీపాలు పెట్టే వేళకు అది లద్దె వేసింది. ఆ లద్దెకు మా అత్త రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఇంకో రోజైతే నవ్వేదాన్ని. ఆ రోజు నేనూ పెట్టాను.

"లోపల నీళ్ళు చాలకపోతే మేత గట్టిపడి పేగులో అడ్డం పడిపోతుంది. ఈసారి బతికింది, ఇంకోసారి ఇలా చేస్తే నేను మాట ఇవ్వలేను" అని డాక్టరమ్మ తమిళంలో చెప్పి వెళ్ళింది.

మా ఆయన మరునాడే తేల్చేశాడు. "ఇంక చాలుమే. సముద్రం పక్కన స్వారీ నేర్పించే స్కూలోళ్ళు అడగతా ఉండారు. ఇచ్చేద్దాం. ఆడికి పోతే ఎండనక వాననక తిరిగే పన్లేదు, తొట్టి ముందరే ఉంటాది."

నేను అరిచాను. ఏడ్చాను. అన్నం మానేశాను. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మాసి నెలలో, ఎండలు మొదలయ్యే వేళ, ఇంకో సవారీ ఉంది. దానికి తీసుకుపోతాను. దారిలో నీళ్ళు తాగితే అమ్మణ్ణి మా ఇంట్లోనే ఉంటుంది. తాగకపోతే అక్కడే బండెక్కించి, వారం తిరక్కుండా ఆ స్కూలుకు పంపించేస్తాడు. డాక్టరమ్మ కూడా, ప్రతి మజిలీలోనూ తాగితేనే ముందుకు పోనిస్తానంది.

ఇక నాకు నిద్రా లేదు, నిలకడా లేదు. చిక్కేమిటంటే ఇంట్లో అది బ్రహ్మాండంగా తాగుతుంది. వంతు వచ్చిందంటే తొట్టి అడుగు కనపడేదాకా తల ఎత్తదు. బయటికి పోతేనే ఈ వ్యవహారం. నీళ్ళ రుచి మారిందేమోనని మా బోరు నీళ్ళే క్యానులో పట్టుకుపోయాను. బెల్లం కలిపాను. నాలుక మీద ఉప్పు రాశాను. పచ్చగడ్డి నీళ్ళలో ముంచి పెడితే, గడ్డి తిని నీళ్ళు వదిలేసింది. పాతకాలం జట్కావాళ్ళు గుర్రం తాగడానికి ఈల వేసేవాళ్ళని ఎవరో చెప్పారు. నాకు ఈల రాదు. నేర్చుకుంటూ పొదటూరుపేట బస్టాండులో ప్రయత్నిస్తే ఒక ముసలాయన వెనక్కి తిరిగి చూసి, కండువా సవరించుకున్నాడు. తెలిసినవాళ్ళ గుర్రాన్ని పక్కన నిలబెట్టి తాగించాను. అది తాగుతుంటే అమ్మణ్ణి ఎవరో చుట్టాలబ్బాయిని చూసినట్టు చూసింది.

ఆఫీసులో చెప్పుకుంటే, గుర్రాన్ని నీళ్ళ దాకా తీసుకుపోవచ్చు గానీ అంటూ ప్రతివాళ్ళూ ఆ ఇంగ్లీషు సామెత అందుకునేవాళ్ళు. అందరూ తామే కనిపెట్టినట్టు చెప్పేవాళ్ళు. ఒకరోజు ఒకాయన మీద ఫైలు విసరబోయి ఆగాను.

ఆ కోపమంతా తీసుకొచ్చి ఒక సాయంత్రం అమ్మణ్ణి ముందు నిలబడి చెప్పాను. దారిలో నువ్వు తాగేదాకా నేను కూడా పచ్చి మంచినీళ్ళు ముట్టను, ఏమి చేస్తావో చెయ్యి. వెనక అత్త వినింది.

"అది గుర్రంమే. నీ మొగుడు కాదు, పస్తుంటే దిగొచ్చేదానికి" అంది.

సవారీ రోజు తెల్లారగానే మేము అమ్మణ్ణిని మినీ లారీలోకి ఎక్కిస్తుంటే అత్త కూడా ముందు సీటెక్కి కూర్చుంది. "కొండ మీద గుడికి పోయి శానా నాళ్ళాయె. మీరెట్లా తిరుత్తణికే పోతా ఉండారు కదా" అంది. ఒళ్ళో పూలబుట్ట, అందులో ఇత్తడి చెంబు. దర్శనమయ్యేదాకా నీళ్ళు కూడా ముట్టనని మొక్కుకుందట. మొక్కు దేని గురించో నేను అడగలేదు.

తిరువళ్ళూరు దాటి పొలాల్లో పడ్డాం. వేరుశనగ పెరికిన చేలు, మామిడి తోటలు, మధ్య మధ్య ఇటుక బట్టీలు. అమ్మణ్ణి పగ్గాలు లాగేస్తోంది. నేను మాత్రం అడుగడుగుకూ ముందున్న మజిలీనే ఆలోచిస్తున్నాను. ఎండ ముదిరింది. దాని మెడ మీద చెమట నురగ కట్టింది. ఎప్పుడెప్పుడు చేరతామా అని ఒక పక్క, చేరకపోతే బాగుండునని ఒక పక్క.

మొదటి మజిలీ ఒక చెరువు కట్ట కింద, చింతచెట్ల నీడలో. పెద్ద ప్లాస్టిక్ తొట్టి నిండా నీళ్ళు పోసిపెట్టారు. అమ్మణ్ణి గబగబా పోయింది. మూతి దించింది. ఆగింది.

పెదవులు చప్పరించింది. చెవులు తిప్పింది. నా వైపు చూసింది.

నేను తొట్టి చుట్టూ తిరిగాను. బెల్లం వేశాను. నీళ్ళను చేత్తో కదిలించాను. ఈల వేశాను, అది నోట్లోంచి గాలిగానే వచ్చింది. డాక్టరమ్మ దగ్గరకొచ్చి చిగుళ్ళు నొక్కింది, మెడ తోలు గిల్లి వదిలింది. లోపల నీళ్ళు తగ్గినందుకు గుర్తుగా తోలు నెమ్మదిగా సర్దుకుంది.

"కుడిక్కమాట్టేంగుదా?" అంది. తాగనంటోందా అని.

నేను ఔనన్నట్టు తల ఊపాను. ఇంకాసేపు చూద్దాం, తాగకపోతే ఇక్కడితో ఆపేద్దామంది. అవతల మా ఆయన మినీ లారీ వెనక తలుపు గొలుసు విప్పాడు. ఆయన మీద కోపం రాలేదు. ఆయన మొహం కూడా చూడలేకపోయాను.

అప్పుడు కట్ట మీంచి ఒక ఆవు దిగింది. ఊళ్ళో ఎవరిదో. తెగిన పలుపు నేల మీద ఈడుస్తూ, ఎవరినీ లెక్కచెయ్యకుండా, గుర్రాల మధ్య నుంచి తిన్నగా మా తొట్టి దగ్గరకే వచ్చింది. సవారీ వాళ్ళలో ఒకతను కర్ర తీసుకుని అదిలించబోయాడు. నేనూ చెయ్యెత్తాను.

"ఏయ్! ఆవును తోలొద్దండ్రా! దప్పికతో వచ్చినదాన్ని తోలితే పాపం. తాగనీండి!" బండిలోంచి అత్త కేక వేసింది.

అతను కర్ర దించేశాడు. ఆవు తొట్టిలో మూతి పెట్టి చొంగ కారుస్తూ తీరిగ్గా తాగింది. బెల్లం నీళ్ళు బాగున్నట్టున్నాయి. తాగి, తల ఎత్తి, ముక్కులు నాక్కుని, పక్కకు తప్పుకుంది.

అది తప్పుకున్న చోటికి అమ్మణ్ణి ఒక అడుగు వేసింది. తల వంచింది. తాగడం మొదలుపెట్టింది.

గుక్క గుక్కకూ దాని చెవులు ముందుకూ వెనక్కూ ఊగాయి. గొంతులో నీళ్ళు దిగడం పైకి కనపడుతోంది. ఎవరో చప్పట్లు కొట్టబోతే కసిరాను. నాకు అప్పుడు తొట్టి కనపడలేదు. మా కొట్టం కనపడింది. చెంబు కనపడింది. దానికి రుచి పట్టింపు లేదు, భయం లేదు, మొండితనం లేదు. గోవు తాగకుండా మూతి పెట్టకూడదని మేమే నేర్పాం. పాపం, ఆ మొదటి సవారీలో పేగులు ఎండిపోతున్నా అది వంతు కోసం నిలబడింది. నేను దాన్ని పగ్గం పట్టి లాగేశాను.

అత్త బండి దిగి వచ్చి నా పక్కన నిలబడింది. ఆమెకూ అర్థమైపోయింది.

"నేనే కదమ్మే కొట్టింది దాన్ని" అంది. చెంబుతో అని అనలేకపోయింది.

డాక్టరమ్మకు చెబితే నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తుడుచుకుంది. మా ఆయన మాత్రం గొలుసు మళ్ళీ తగిలిస్తూ ఆలోచనలో పడ్డాడు. "అంతా సరే, రెండో మజిలీ కాడ ఆవు యాడుంటాది?"

ఆ మాట నా వెంటే వచ్చింది. సంతోషంలో నేను నీళ్ళు తాగడం కూడా మరిచి బయల్దేరాను. మామూలుగా మా వైపు రోడ్డు మధ్యలో ఆవు లేని ఊరుండదు. హారన్ కొట్టినా లేవవు. ఆ రోజు ఒక్కటి లేదు. కోళ్ళున్నాయి, మేకలున్నాయి, కుక్కలు వెంటపడ్డాయి. రైలుపట్టాల పక్క దారిలో రేణిగుంట వైపు పోయే బండి ఒకటి దాటిపోతూ కూత వేసింది. నా నాలుక అంగిట్లో అతుక్కుపోతోంది. దూరంగా తిరుత్తణి కొండ కనపడింది. స్వామీ, గుళ్ళోకి ఇన్ని వేల మందిని రప్పించుకుంటావు, ఒక్క ఆవును పంపలేవా అని దెబ్బలాడాను.

రెండో మజిలీ మామిడి తోటలో. ఇక్కడ తొట్టి లేదు, ఎవరి బకెట్లు వాళ్ళవే. మా ఆయన ముందే చేరి, కడిగిన బకెట్టులో క్యాను నీళ్ళు పోసి పెట్టి ఉన్నాడు. చుట్టుపక్కల ఇళ్ళకు పోయి ఆవును అడిగి కూడా వచ్చాడట. అన్నీ మేతకు పోయాయన్నారు.

అమ్మణ్ణి బకెట్టు ముందు నిలబడింది. మూతి దించి ఆగింది. ఈసారి దాని పక్కటెముకలు ఎగిసిపడుతున్నాయి. తల కూడా కొద్దిగా వాలింది. డాక్టరమ్మ చిగుళ్ళు నొక్కి చూసి, నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి నాకు నచ్చలేదు.

అత్త పూలబుట్టలోంచి చెంబు తీసుకుని వచ్చింది. "అమ్మణ్ణీ, ఆవు తాగేసింది. ఎనుమూ తాగేసింది. ఇంక నీదే. తాగమ్మా" అని బతిమాలింది. అమ్మణ్ణి ఆమె చేతిలోని చెంబును చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. అత్త మొహం చిన్నబోయింది.

అత్త అమ్మణ్ణి వైపు చూసింది. తరువాత నా వైపు. నా పెదవుల వైపు.

"నువ్వెప్పుడు తాగినావు?"

"అది తాగనీ అత్తా. తరవాత తాగతాను."

"అదీ అదే మాట చెప్తా ఉండాది." అత్త వంగి బకెట్టులో చెంబు ముంచింది. "ఒకరికొకరు మర్యాదలు చేసుకుంటా నిలబడితే ఇద్దురూ ఎండిపోతారు. దానికి ఆవే కావాలని కాదు, వేరే గుర్రం లెక్కలోకి రాదు గానీ మనింట్లో ఒకరు దాని ముందర తాగాల. నేను ముట్టకూడదు. నువ్వు తాగు."

"అత్తా, అది..."

"ముందు నువ్వు తాగుమే!"

ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆ మాట ఆమె నోట నేను వినడం అదే మొదలు. చెంబు అందుకున్నాను. ఎత్తిపట్టి తాగడం చేతకాక మూతికి కరుచుకుని తాగాను. ఎంత దప్పికైందో మొదటి గుక్క దిగాకే తెలిసింది. గటగటమని చప్పుడు చేస్తూ, గడ్డం మీంచి, మెడ మీంచి కారిపోతుంటే, ఊపిరి తీసుకోకుండా తాగాను. చెంబు దించేసరికి అమ్మణ్ణి చెవులు రెండూ నా వైపే ఉన్నాయి. నేను మూతి తుడుచుకుని పక్కకు జరిగాను, ఆవు జరిగినట్టే.

అది నా భుజాన్ని ముక్కుతో తోసుకుంటూ ముందుకొచ్చి బకెట్టులో తల పెట్టేసింది. మా ఆయన రెండో క్యాను కోసం పరిగెత్తాడు. నేను చెట్టుకు ఆనుకుని ఏడ్చాను, ఎవరు చూస్తే ఏమి.

తిరుత్తణి చేరేసరికి మా వెనక ఇంకెవరూ లేరు. ఆఖరున వచ్చాం. డాక్టరమ్మ కడుపు చప్పుడు విని, బాగుందని వేలు ఎత్తి చూపింది. అత్త కొండెక్కి మొక్కు తీర్చుకుని ప్రసాదంతో దిగి వచ్చింది. మా ఆయన బండి వెనక్కి పోయి ఆ స్కూలువాళ్ళకు ఫోన్ చేసి, గుర్రం ఇవ్వడం లేదని చెప్పాడు. నాకు వినపడాలనే గట్టిగా చెప్పాడు.

ఇంటికి వచ్చి స్నానాలయ్యాక వంటింట్లో అత్త అన్నం వార్చింది. నేను అలవాటు కొద్దీ పెరటి వైపు నడిచాను. మొండిగోడ మీద అమ్మణ్ణి తల అప్పటికే ఉంది.

"యాడికి పోతా ఉండావు? వచ్చి కూర్చో." వెనక నుంచి అత్త. పీట వేసి ఉంది. దాని ముందు ఒక్క కంచమే ఉంది.

"ఆయన ఇంకా తినలేదత్తా. నువ్వూ పొద్దున్నుంచి..."

"వాడు ఆగతాడు, నేనూ ఆగతాను. మాకేమీ పేగులు ఎండిపోవు." అన్నం వడ్డించి, నెయ్యి వేసి, గుమ్మం వైపు గడ్డం చూపించింది. "నువ్వు తిను. ఆడ అది చూస్తా ఉండాది."

మా ఆయన గడప మీద కూర్చునే మంచినీళ్ళ చెంబు నా వైపు జరిపాడు. నేను కూర్చుని ముద్ద కలుపుకున్నాను. కంచం ఖాళీ అయ్యేదాకా నా కాళ్ళు కదల్లేదు.